పేరొకటే, ప్యాకేజీలు మూడు

"అన్నా, నా దగ్గర బానే వస్తోంది, సర్వర్‌లోనే రావట్లేదు" అని మా టీమ్‌లో జూనియర్ మెసేజ్ పెట్టాడు. నేను అడిగింది అందరూ అడిగేదే, ఆ పీడీఎఫ్ లైబ్రరీ ఏ వెర్షన్ ఉందిరా అని. 2.3.1 అన్నాడు. సర్వర్‌లో చూడు అన్నా. అక్కడా 2.3.1. నా లాప్‌టాప్‌లో చూశా, నాదీ 2.3.1. వెర్షన్లు ఒకటే కాబట్టి ప్రాబ్లం డేటాలో ఉందని ఫిక్స్ అయిపోయి ఇద్దరం ఇన్‌పుట్ ఫైళ్ళ మీద పడ్డాం, దాదాపు రెండున్నర గంటలు ఆ ఫైళ్ళనే అటు తిప్పి ఇటు తిప్పి చూశాం. పీడీఎఫ్‌లోంచి టేబుల్స్ లాగే చిన్న లైబ్రరీ అది, కలిసిపోయిన గళ్ళు ఉంటే మా దగ్గర సరిగ్గా విడదీస్తోంది, సర్వర్‌లో రెండు కాలమ్స్ ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి.

చివరికి వాడికే డౌటొచ్చి, మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసి దాని ఫైల్ ఎక్కడుందో ప్రింట్ చేసి, ఆ ఫైల్ తెరిచి చూశాడు. మేం ఏడాది కింద రాసుకున్న ప్యాచ్, అంటే చిన్న సవరణ, అందులో లేదు. అసలు ఆ ఫంక్షనే లేదు.

జరిగిందేంటంటే, ఈ లైబ్రరీ రాసినాయన చాలా కాలం కింద వదిలేశాడు. దాన్ని బయట కొంతమంది ఫోర్క్ చేసి, అంటే కోడ్ కాపీ తీసుకుని వేరుగా పెంచుతూ, నడుపుతున్నారు. మేం మా అవసరానికి ఇంకో ఫోర్క్ చేసుకుని లోపలి ప్రైవేట్ ఇండెక్స్‌లో, అంటే మేం మాత్రమే వాడే ప్యాకేజీల గోదాంలో, పెట్టుకున్నాం. మాతో కొన్నాళ్ళు పనిచేసిన ఒక కాంట్రాక్టర్ మా దాన్ని మళ్ళీ ఫోర్క్ చేసి ఏవో మార్పులు చేసి వెళ్ళిపోయాడు. మూడింటికీ పేరు ఒకటే, నంబరు కూడా ఒకటే, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజు సర్వర్ బిల్డ్‌లో ప్రైవేట్ ఇండెక్స్ అడ్రస్ ఉండే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటి మిస్సయింది, పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ పాపం తన పని తాను చేసింది, ఆ పేరుతో ఆ నంబరుతో అందరికీ తెరిచి ఉండే గోదాం పైపీఐలో దొరికింది తెచ్చి పెట్టింది. దొరకలేదని ఎర్రర్ ఇచ్చుంటే ఐదు నిమిషాల్లో అయిపోయేది. దొరికింది, అదే తంటా.

ఇంకో చిన్న విషయం, పిప్ షో కొట్టి కూడా చూశాం. రచయిత పేరు, హోమ్‌పేజీ, ఒక లైను వివరణ, అన్నీ అవే. ఎందుకంటే ఫోర్క్ చేసినప్పుడు ఆ సెటప్ ఫైల్‌ని అలాగే కాపీ కొట్టేసింది నేనే. మా ప్యాకేజీ ఎక్కడికెళ్ళినా "నేను ఆయన రాసిందాన్నే" అని చెప్పుకుంటూ తిరిగింది, తప్పు దానిది కాదు.

అప్పట్నుంచీ ఎవరన్నా "ఫోర్క్ చేశా, పేరు మార్చా" అంటే, ఏ పేరు మార్చావ్ అని అడగడం అలవాటైపోయింది నాకు. ఎందుకంటే ఒక ప్యాకేజీకి ఉండేది ఒక పేరు కాదు. ప్రాజెక్టుకి జనం పిలిచే పేరు ఒకటి, రిజిస్ట్రీలో, అంటే పైపీఐ లాంటి గోదాంలో, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొట్టే పేరు ఒకటి, కోడ్‌లో ఇంపోర్ట్ చేసే పేరు ఇంకోటి, టెర్మినల్‌లో కొట్టే కమాండ్ పేరు, కాన్ఫిగ్ ఫోల్డర్ పేరు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ముందుండే ముక్క, లాగ్‌లో పడే పేరు, నెట్‌వర్క్‌లో అవతలివాడు నువ్వెవరు అంటే చెప్పే పేరు, వాటి పక్కన వెర్షన్ నంబరు. ఫోర్క్ చేసినవాళ్ళు ఎక్కువగా మొదటిది మార్చి కొత్త లోగో పెట్టేసి అయిపోయిందనుకుంటారు. బోర్డు మారింది, లోపల అరలన్నిటి మీదా పాత చీటీలే. అర్ధరాత్రి ఎర్రర్ వచ్చినప్పుడు మనకి కనపడేది ఆ చీటీలే గానీ బోర్డు కాదు.

అలాగని అన్నీ మార్చేయాలా అంటే అదీ కాదు, కొన్ని మార్చకపోవడమే కరెక్ట్. పైథాన్‌లో బొమ్మల పని చేసినవాళ్ళందరికీ పిల్లో తెలుసు. పీఐఎల్ అనే పాత లైబ్రరీకి ఆఖరి రిలీజ్ 1.1.7, 2009లో వచ్చింది, ఆ తర్వాత ఆగిపోయింది. 2010లో దానికి ఫోర్క్‌గా పిల్లో మొదలైంది. ఇన్‌స్టాల్ చేసే పేరు పిల్లో, కానీ ఇంపోర్ట్ చేసేటప్పుడు ఇవాళ్టికీ పీఐఎల్ అనే రాయాలి. కొత్తవాళ్ళకి ఇది పిచ్చి పనిలా ఉంటుంది, నాకూ మొదట్లో అలాగే అనిపించింది. కానీ ఆలోచిస్తే, అప్పటికే లెక్కలేనన్ని స్క్రిప్టుల్లో ఆ ఇంపోర్ట్ లైన్ ఉంది, అది మార్చమంటే ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. దానికి మూల్యం ఏంటంటే పాతదీ కొత్తదీ ఒకే ఎన్విరాన్‌మెంట్‌లో కలిసి ఉండలేవు, పిల్లో డాక్స్‌లోనే ముందు పీఐఎల్ తీసేయండి అని రాసి ఉంటుంది. పాతది ఆగిపోయి, కొత్తది దాని వారసుడే అన్నప్పుడు ఈ మూల్యం పర్లేదు. రెండూ బతికే ఉండి, రెండూ రిలీజులు చేస్తూ, ఒకే ఇంపోర్ట్ పేరు మీద కూర్చున్నప్పుడే గొడవ.

ఈ విషయంలో నాకు బాగా నచ్చింది పైక్రిప్టోడోమ్ వాళ్ళ పద్ధతి. పైక్రిప్టో అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఆఖరిగా 2013లో 2.6.1 దగ్గర ఆగింది. దాన్ని ఫోర్క్ చేసినవాళ్ళు రెండు ప్యాకేజీలు ఇస్తారు. పైక్రిప్టోడోమ్ అనేది పాత ఇంపోర్ట్ పేరు, అంటే క్రిప్టో, దాన్నే వాడుతుంది, పాత కోడ్ మార్చక్కర్లేదు. పైక్రిప్టోడోమ్‌ఎక్స్ అనేది అదే సరుకుని క్రిప్టోడోమ్ అనే వేరే ఇంపోర్ట్ పేరుతో ఇస్తుంది, పాతదాని పక్కనే పెట్టుకున్నా తగాదా రాదు. చివర ఒక్క అక్షరమే తేడా అని తిట్టుకునేవాళ్ళున్నారు, నిజమే, ఇంకొంచెం స్పష్టంగా పెట్టుండొచ్చు. కానీ నీకు ఏది కావాలో నువ్వే ఎంచుకో అని చెప్పడం, ఆ తేడా ఏంటో మొదటి పేజీలోనే రాయడం, అంతవరకు చేసినవాళ్ళే తక్కువ.

బొమ్మలు, వీడియోల మీద పనిచేసే ఓపెన్‌సీవీ లైబ్రరీ సంగతి కూడా చెప్పాలి, అవి ఫోర్కులు కాదు, ఒకే ప్రాజెక్టు నాలుగు రకాలుగా కట్టిన ప్యాకేజీలు, కానీ తలనొప్పి సేమ్. మామూలుది, కాంట్రిబ్ (అదనపు మాడ్యూల్స్) ఉన్నది, హెడ్‌లెస్ (తెర మీద విండో చూపించే భాగం లేనిది), కాంట్రిబ్ హెడ్‌లెస్. నాలుగూ ఇంపోర్ట్ అయ్యేది సీవీ2 అనే. నాలుగూ డిస్క్ మీద రాసేది ఒకే ఫోల్డర్‌లో. డాకర్‌లో, అంటే ప్రోగ్రామ్‌ని విడి డబ్బాలో పెట్టి నడిపే చోట, మామూలుది పెడతాం, తెర మీద బొమ్మలు వేసే లిబ్‌జీఎల్ ఫైల్ లేదని ఏడుస్తుంది, ఎవరో హెడ్‌లెస్ పెట్టమంటారు, పెడతాం, అది పాతదాని ఫైళ్ళ మీదే రాసేస్తుంది. పని చేస్తుంది కూడా. వారం తర్వాత శుభ్రం చేద్దామని మామూలుదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తాం, అది తన ఫైళ్ళనుకుని ఆ ఫోల్డర్‌లో ఉన్నవి తుడిచేసి పోతుంది. ఇప్పుడు పిప్ లిస్ట్‌లో హెడ్‌లెస్ దర్జాగా ఉంటుంది, వెర్షన్‌తో సహా, కానీ కోడ్ రన్ చేస్తే బొమ్మని చదివే ఇమ్‌రీడ్ అనే ఫంక్షనే లేదంటుంది, లేదా మాడ్యూలే లేదంటుంది. నేను ఇది ఒకసారి కాదు మూడుసార్లు చేశా, మూడోసారి కూడా మొదటిసారి ఆశ్చర్యపోయినంత ఆశ్చర్యపోయా. రెండూ తీసేసి ఒక్కటే మళ్ళీ పెట్టడం తప్ప దారి లేదు. వాళ్ళ రీడ్‌మీలో ఒక్కటే పెట్టుకోండి అని స్పష్టంగా ఉంది, రీడ్‌మీ ఎవడు చదువుతాడు.

పేరు వల్ల ఒక ప్రాజెక్టు చచ్చిపోయిందని జనం నమ్మేసిన కథ ఒకటుంది, నేనూ నమ్మినవాణ్ణే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ తెలియనివాళ్ళు ఉండరు, వీడియోలు మార్చే టూల్. 2011లో అందులో డెవలపర్ల మధ్య గొడవై కొంతమంది విడిపోయి లిబ్‌ఏవీ అని ఫోర్క్ పెట్టారు. మొదటి చిక్కు అక్కడే, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లోపలి లైబ్రరీల పేర్లే లిబ్‌ఏవీకోడెక్, లిబ్‌ఏవీఫార్మాట్ అని ఉంటాయి, అంటే ఫోర్క్ పేరు పాతదాని లోపలి భాగాల పేరులా ఉంది. ఆ లైబ్రరీల ఫైల్ పేర్లు రెండు ప్రాజెక్టుల్లోనూ ఒకటే. తర్వాత డెబియన్, ఉబుంటు అనే లినక్స్ డిస్ట్రోలు లిబ్‌ఏవీ వైపు వెళ్ళాయి. ఆ రోజుల్లో ఉబుంటులో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని కమాండ్ కొడితే నడిచేది గానీ, స్టార్స్ మధ్యలో పెద్ద అక్షరాలతో ఒక మెసేజ్ వచ్చేది, ఈ ప్రోగ్రామ్ డెప్రికేట్ అయింది, ముందు ముందు తీసేస్తాం, ఇక ఏవీకాన్వ్ (లిబ్‌ఏవీ వాళ్ళ సొంత కమాండ్) వాడండి అని.

ఆ మెసేజ్‌లో ప్రతి మాటా ఒక లెక్కన నిజమే. డెప్రికేట్ అయ్యింది లిబ్‌ఏవీ ప్యాకేజీలో కంపాటిబిలిటీ కోసం ఉంచిన ఆ కమాండ్. కానీ చదివేవాడికి అర్థమయ్యింది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రాజెక్టే మూసేస్తున్నారని. అసలు ప్రాజెక్టు అక్కడ హాయిగా రిలీజ్ మీద రిలీజ్ చేసుకుంటోంది, ఇక్కడ దాని పేరు పెట్టుకున్న వేరే ప్రోగ్రామ్ దాని చావు కబురు చెప్తోంది. నేను బుద్ధిగా నా స్క్రిప్టులన్నీ ఏవీకాన్వ్‌కి మార్చుకున్నా, తర్వాత ఉబుంటు 15.04లో మళ్ళీ అసలు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వచ్చింది, డెబియన్ కూడా 2015లోనే తిరిగి అటే వెళ్ళాలని నిర్ణయించింది, నేను మళ్ళీ అన్నీ వెనక్కి మార్చుకున్నా. లిబ్‌ఏవీ తర్వాత మెల్లగా ఆగిపోయింది.

ఇందులో ప్రోగ్రామర్లకి మాత్రమే తెలిసిన ఒక ముచ్చట ఉంది. రెండు ప్రాజెక్టుల లైబ్రరీలకీ పేరు ఒకటే కదా, కోడ్‌లో ఏది లింక్ అయ్యిందో తెలియాలంటే ఎలా? ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాళ్ళు తమ లైబ్రరీల వెర్షన్‌లో మూడో నంబరుని 100 నుంచి మొదలుపెట్టారు. అందుకే అప్పటి ప్రోగ్రామ్స్‌లో ఆ మూడో నంబరు, అంటే మైక్రో వెర్షన్, 100 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఇది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, లేకపోతే లిబ్‌ఏవీ అని ఇఫ్ కండిషన్లు కనిపిస్తాయి. పేరు చెప్పాల్సిన పని నంబరుతో చేయించారన్నమాట. తెలివైన పనే, కానీ అక్కడిదాకా ఎందుకొచ్చిందో ఆలోచిస్తే నవ్వొస్తుంది.

నంబర్ల మాటొచ్చింది కాబట్టి, ఫోర్కులు చెప్పే అబద్ధాల గురించి కొంచెం. మరియాడీబీ అనే డేటాబేస్ 2009లో మైఎస్‌క్యూఎల్ నుంచి విడిపోయింది. కొన్నాళ్ళు నంబర్లు కూడా పక్కపక్కనే నడిచాయి, 5.5 తర్వాత వీళ్ళు 10.0కి దూకారు. కానీ ఒక సర్వర్ డేటాని ఇంకోదానికి కాపీ చేసే పాత రెప్లికేషన్ కోడ్‌కి రెండంకెల మేజర్ నంబరు మింగుడు పడదని, కనెక్ట్ అయినప్పుడు సర్వర్ తన వెర్షన్ చెప్పేటప్పుడు ముందు 5.5.5 అని తగిలించి, డాష్ పెట్టి, అప్పుడు అసలుది చెప్పేది. ఆ 5.5.5 చూసి ఎంత పాత డేటాబేస్ వాడుతున్నార్రా బాబూ అని రిపోర్టులు రాసిన సెక్యూరిటీ వాళ్ళని నేనే చూశా.

ఓపెన్‌సెర్చ్‌దీ అదే బాధ. డేటాలో వెతికే ఇంజిన్ ఎలాస్టిక్‌సెర్చ్ 7.10.2 నుంచి 2021లో ఫోర్క్ అయ్యింది, కొత్త పేరు కాబట్టి 1.0 అని మొదలెట్టారు, అప్పుడు దానికి కనెక్ట్ అయ్యే క్లయింట్లు అమ్మో ఇది 1.0, చాలా పాతది అని మొరాయించాయి. దాంతో మొదటి వెర్షన్లలో ఒక సెట్టింగ్ పెట్టారు, అది ఆన్ చేస్తే నేను 7.10.2 అని చెప్పుకుంటుంది. అటువైపు ఎలాస్టిక్ వాళ్ళు 7.14 నుంచి తమ క్లయింట్లలో, అవతల ఉన్నది నిజంగా ఎలాస్టిక్‌సెర్చేనా అని చూసే చెక్ పెట్టారు. ఒకడు మారువేషం వేస్తే ఇంకొకడు వేలిముద్ర అడుగుతున్నాడు.

వీటి పక్కన వాల్కీ పద్ధతి చూస్తే హాయిగా ఉంటుంది. 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ లైసెన్స్ మారినప్పుడు 7.2.4 నుంచి ఫోర్క్ చేశారు. ఇన్ఫో కమాండ్ కొడితే రెడిస్ వెర్షన్ అనే ఫీల్డ్‌లో 7.2.4 అనే ఉంటుంది, పాత లైబ్రరీలు బెదరకుండా. దాని పక్కనే సర్వర్ పేరు వాల్కీ అని, వాల్కీ వెర్షన్ ఇదీ అని వేరే ఫీల్డ్స్ ఉంటాయి. పాత క్లయింట్‌కి దాని భాషలో సమాధానం, మనిషికి అసలు సమాధానం. నన్నడిగితే ఫోర్క్ చేసేవాళ్ళు ముందు చూడాల్సింది ఇది. పాతవాటి కోసం పాత నంబరు చెప్పండి, ఎవరూ కాదనరు, కానీ నిజం చెప్పే చోటు ఇంకొకటి ఉండాలి, దాన్ని వెతుక్కోవాల్సిన పని ఉండకూడదు.

కమాండ్ పేర్ల దగ్గర నేను దెబ్బ తిన్నది మరియాడీబీతోనే. చాలా ఏళ్ళు మరియాడీబీ పెట్టినా కొట్టే కమాండ్ మైఎస్‌క్యూఎల్ అనే, బ్యాకప్‌కి మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే. డెబియన్‌లో అయితే 9 నుంచి డిఫాల్ట్-మైఎస్‌క్యూఎల్-సర్వర్ అనే ప్యాకేజీ పెడితే వచ్చేది మరియాడీబీ. తర్వాత వాళ్ళు కమాండ్లన్నిటికీ సొంత పేర్లు పెట్టి పాతవాటిని లింకులుగా ఉంచారు, అదీ మంచి పనే. డాకర్ ఇమేజ్‌లో 11కి వచ్చేసరికి ఆ పాత పేర్లు తీసేశారు. నేను ఇమేజ్ వెర్షన్ చెప్పే ట్యాగ్ దగ్గర లేటెస్ట్ అని రాసుకుని కూర్చున్న మహానుభావుణ్ణి. ఒకరోజు ఇమేజ్ మారింది, బ్యాకప్ స్క్రిప్ట్‌లో మైఎస్‌క్యూఎల్‌డంప్ దొరకలేదు, నా స్క్రిప్ట్ ఎర్రర్ చూడకుండా జిప్ చేసి పంపేసింది. పన్నెండు రోజుల బ్యాకప్ ఫైళ్ళు, ఒక్కోటి ఇరవై బైట్లు. రీస్టోర్ అవసరం రాకముందే చూశాను కాబట్టి ఇంత తీరిగ్గా చెప్తున్నా. వాళ్ళ తప్పేం లేదు, ముందే చెప్పారు, నేనే వినలేదు.

ఓపెన్‌టోఫు వాళ్ళు కమాండ్‌ని మొదటి రోజే వేరు చేశారు. 2023 ఆగస్టులో, క్లౌడ్ సర్వర్లని కోడ్‌తో కట్టే టెర్రాఫార్మ్ అనే టూల్ లైసెన్స్ మారాక మొదట ఓపెన్‌టీఎఫ్ అనుకుని, సెప్టెంబర్‌లో లినక్స్ ఫౌండేషన్ కిందకి వచ్చేసరికి ఓపెన్‌టోఫు అన్నారు, కమాండ్ టోఫు. రెండూ ఒకే మెషీన్‌లో పెట్టుకోవచ్చు, లాగ్ చూస్తే ఏది నడిచిందో తెలిసిపోతుంది. స్టేట్ ఫైల్ పేరు, దాచుకునే ఫోల్డర్, టీఎఫ్ అని మొదలయ్యే వేరియబుల్స్ మాత్రం అలాగే ఉంచారు, లేకపోతే మారేవాళ్ళకి నరకం. ఇంత చేసినా మా వాళ్ళలో ఒకడు షెల్‌లో టెర్రాఫార్మ్ అంటే టోఫు అని ఏలియస్ పెట్టుకుని, స్క్రీన్‌షాట్లు అందరికీ పంపుతూ ఉండేవాడు. అలాంటివాణ్ణి ఏ నేమింగ్ పాలసీ ఆపలేదు.

ఇక ప్యాకేజీ పేరు ఎలా పెట్టకూడదో. వెనకాల న్యూ, నెక్స్ట్, ఎన్‌జీ, 2, ఫిక్స్‌డ్, ఇవి వద్దు. న్యూ అన్నది రెండేళ్ళకి పాతబడుతుంది, దానికి ఇంకో ఫోర్క్ వస్తే న్యూ-న్యూ అంటారా? 2 అని పెడితే అసలువాళ్ళే రేపు 2.0 రిలీజ్ చేస్తే మీ ప్యాకేజీ దానికి తోడబుట్టినట్టు ఉంటుంది. ఫిక్స్‌డ్ అంటే ఏం ఫిక్స్ చేశావని అడగాలనిపిస్తుంది, పైగా అసలుదాన్ని తిట్టినట్టు. ఒక్క అక్షరం మార్చడం, హైఫన్ తీసేయడం ఇంకా ఘోరం, ఎందుకంటే దొంగలు చేసేది సరిగ్గా అదే. 2017లో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల రిజిస్ట్రీ ఎన్‌పీఎంలో క్రాస్-ఈఎన్‌వీ అనే మంచి ప్యాకేజీ పేరులో హైఫన్ తీసేసి ఎవడో ఒకటి పెట్టాడు, అది ఇన్‌స్టాల్ చేసినవాళ్ళ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఎత్తుకెళ్ళింది. మీరు మంచి మనసుతో చేసిన ఫోర్క్ కూడా అలాంటి పేరు పెట్టుకుంటే చూసేవాడికి దొంగ ప్యాకేజీలాగే కనపడుతుంది. పైపీఐలో అయితే హైఫన్, అండర్‌స్కోర్, చుక్క, పెద్ద అక్షరం చిన్న అక్షరం, అన్నీ ఒకటే కింద లెక్క, కాబట్టి ఆ తెలివితేటలు అక్కడ అసలే పనికిరావు.

ఎన్‌పీఎంలో స్కోప్ ఉండటం వరం, ఇంటిపేరు లాంటిది. 2022 జనవరిలో ఫేకర్ అనే లైబ్రరీని దాని రచయితే ఖాళీ చేసేసి 6.6.6 అని రిలీజ్ చేసినప్పుడు, జనం దాన్ని ఫోర్క్ చేసి ఫేకర్-జేఎస్ అనే స్కోప్ కింద ఫేకర్ అనే పేరుతోనే పెట్టారు. పేరు అదే, ఇంటిపేరు వేరు, చూడగానే సంగతి తెలిసిపోతుంది. పైథాన్ వాళ్ళకి ఆ ఇంటిపేరు సౌకర్యం లేదు, ముందు టీమ్ పేరు తగిలించుకోవడమే. ప్రైవేట్ ప్యాకేజీలకి ఇది ఇంకా ముఖ్యం. 2021లో ఒక సెక్యూరిటీ రీసెర్చర్ కంపెనీల లోపలి ప్యాకేజీల పేర్లు కనుక్కుని, అవే పేర్లతో పబ్లిక్ రిజిస్ట్రీల్లో తనవి పెడితే, 35కి పైగా సంస్థల సిస్టమ్స్‌లో అతని కోడ్ నడిచింది. మా సర్వర్‌లో జరిగింది దానికి పేదింటి వెర్షన్, మమ్మల్ని ఎవరూ హ్యాక్ చేయలేదు, మేమే చేసుకున్నాం.

ఫోర్క్ చేసే ముందు నేను ఇప్పుడు నన్ను నేను అడుగుకునేది ఒక్కటే, ఇది తిరిగి అసలుదాంట్లో కలిసేదా, కలవనిదా. రెండు లైన్ల ప్యాచ్, వాళ్ళు మెర్జ్ చేసేదాకా నెల రోజులు వాడుకోవాలి అంటే పేరు మార్చను, వెర్షన్ చివర ప్లస్ గుర్తు పెట్టి టీమ్ పేరు, నంబరు తగిలిస్తా. పైథాన్‌లో దీనికి లోకల్ వెర్షన్ అని పద్ధతి ప్రకారమే చోటుంది, పైపీఐ అలాంటివి తీసుకోదు కూడా, కాబట్టి ఆ తోకున్నది బయటి నుంచి రాలేదని నమ్మకం. ఒక మెలిక ఉంది, కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో 2.3.1 అని మాత్రమే రాస్తే తోక ఉన్నదీ లేనిదీ రెండూ సరిపోతాయి, కాబట్టి తోకతో సహా రాయాలి. గో భాష వాడేవాళ్ళు మాడ్యూల్ పాత్ మార్చకుండా ఫోర్క్‌ని నేరుగా లాగబోతే, ఇది తన పేరు ఫలానా అంటోంది నువ్వేమో ఇంకోలా పిలిచావు అని ఎర్రర్ వస్తుంది, అక్కడ గో.మాడ్ అనే ఫైల్‌లో రీప్లేస్ లైన్ రాయాలి. చిరాకే, కానీ ఈ భాష కనీసం నోరు తెరిచి చెప్తుంది.

కలవనిది అయితే మాత్రం అన్నీ మార్చేస్తా. ఎంత గొడవపడి విడిపోయినా సొంత పేరు పెట్టుకున్నవాళ్ళకి తర్వాత కలవడం కూడా తేలికైంది, గమనించారా? ఐఓ.జేఎస్ వాళ్ళు, సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ నుంచి విడిపోయి తమ పేరుతో 1, 2, 3 దాకా వెళ్ళారు, 2015 సెప్టెంబర్‌లో కలిసిపోయినప్పుడు నోడ్ 0.12 నుంచి ఏకంగా 4.0 అయ్యింది, మధ్యలో నంబర్లు ఏమైపోయాయో ఎవరికీ అయోమయం లేదు. అంతకుముందు 1997లో జీసీసీ అనే కంపైలర్ నుంచి విడిపోయిన ఈజీసీఎస్ అయితే 1999లో తనే అధికారిక జీసీసీ అయిపోయింది. రెండేళ్ళు జీసీసీ-న్యూ అని తిరిగి ఉంటే ఆ చరిత్ర చెప్పడానికే ఒక పట్టిక కావాల్సి వచ్చేది.

మా పీడీఎఫ్ లైబ్రరీకి కూడా చివరికి సొంత పేరు పెట్టాం. రిజిస్ట్రీ పేరు, ఇంపోర్ట్ పేరు, కమాండ్, లాగర్, అన్నీ. రీడ్‌మీ మొదటి మూడు లైన్లలో ఏ ప్రాజెక్టు నుంచి, ఏ కమిట్ దగ్గర విడిపోయాం, ఎందుకు, తిరిగి కలిసే ఉద్దేశం ఉందా అని రాశాం. అసలు రచయిత పేరు తీసేయలేదు, ఆయన రాసిందానికి ఆయన, మేం చేసిందానికి మేం. వెర్షన్ కమాండ్ కొడితే మా పేరు, మా నంబరు, బ్రాకెట్లో అసలుది 2.3.1 అని చూపిస్తుంది. జూనియర్ ఒక సాయంత్రం కూర్చుని పాత పేరు ఎక్కడెక్కడ మిగిలిందో వెతికితే నలభై ఒక్క చోట్ల దొరికింది, అందులో ఒకటి ఎర్రర్ మెసేజ్‌లో, బగ్ ఉంటే ఇక్కడ చెప్పండి అని అసలాయన అడ్రస్. పాపం ఏడాది పాటు మా బగ్గులు ఆయనకి పంపిస్తూ ఉన్నామేమో.

అంతా అయిపోయిందనుకుని ఉంటే మొన్న వాడే మళ్ళీ మెసేజ్ పెట్టాడు. "అన్నా, రాత్రిపూట రిపోర్టులు నడిపే పాత మెషీన్ ఒకటుంది కదా, అందులో కూడా ఈ లైబ్రరీ ఉంది." ఏ వెర్షన్‌రా అన్నా. 2.3.1 అన్నాడు. ఫైల్ తెరిచి చూడు, మన ప్యాచ్ ఉందా అన్నా. కాసేపాగి, "ఉంది అన్నా, కానీ దాని కింద ఇంకేదో కూడా ఉంది, మనం రాసింది కాదు" అన్నాడు.